కొత్త ఇంజనూ, పాత పట్టాలూ

ఆడవాళ్ళకి రైలింజన్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ పోయిన వేసవి దాకా అలాగే అనుకున్నాను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్నే అయినా, నాకు తెలిసిన చరిత్రంతా రాజులదీ రాణులదీ. రైలంటే భీమవరం టౌను స్టేషన్లో ఎక్కడం, కిటికీ పక్కన చోటు దొరికితే సంతోషించడం, అంతే.

మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మా వాడికి ఒక బొమ్మ రైలు తెచ్చాడు. బొమ్మంటే తీర్థంలో అమ్మే తాళంచెవి రైలు కాదు. నిజం ఇంజనుకి అచ్చమైన నకలు. ముందు నాలుగు బుల్లి చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనక మళ్ళీ రెండు. పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. దాని ధర ఎంతో తమ్ముడు చెప్పలేదు గానీ మరదలు చెప్పింది. అప్పట్నించీ దాని మీద దుమ్ము తుడవాలన్నా నాకు చెయ్యి వణికేది.

హాల్లో తివాచీ మీద పట్టాలు గుండ్రంగా అమర్చి, మంచిరోజు చూసి మరీ నడిపించాం. నడిచిందనడం కన్నా నత్తి మాట్లాడిందనడం నయం. రెండడుగులు పోవడం, ఆగడం, దీపం మిణుకుమనడం, వేలితో పొడిస్తే మళ్ళీ కదలడం. మలుపు దగ్గరకి రాగానే ముందున్న బుల్లి చక్రాలు పట్టా దిగిపోయేవి.

ఇంక చూడండి మా ఇంట్లో విచారణ! "మావయ్యని ఎవడో మోసం చేశాడు, ఇంజనే మంచిది కాదు" అన్నాడు మా వాడు. "మన కరెంటు సంగతి దానికేం తెలుసు పాపం" అన్నారు మావారు. మా అత్తగారు దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేయించారు. విమానంలో పెట్టె ఎవరో విసిరేసి ఉంటారని నేను తీర్మానించాను. ఒక్కరం కూడా మన చేతిలో ఏదైనా పొరపాటుందేమో అనుకోలేదు.

మూల మంచం మీద కూర్చున్న మా నాన్నగారు మాత్రం, "ఆ తివాచీ తీసెయ్యండర్రా" అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. పడి, జారిపోయింది.

నాన్నగారు రాజమండ్రి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా ఇంటికి తీసుకొచ్చాం. వచ్చి ఆరు నెలలైనా మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉండేది కాదు. పెట్టింది తినడం, పేపరు చదవడం, సాయంత్రం నర్సాపురం బండి కూత వినపడగానే గడియారం కేసి చూడడం. ఆయనకి మాట్లాడాలని లేదు కాబోలని మేం అనుకున్నాం. అలా అనుకోవడం మాకూ సుఖంగానే ఉంది మరి.

మూడో రోజున మా వాడు ఇంజన్ని విసిరికొట్టబోతుంటే నాన్నగారు లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, నేల మీద చతికిలపడి కూర్చున్నారు. "ఒరేయ్ అబ్బాయ్, ఇంజను జోలికి తర్వాత పోదువుగాని. ముందు అది నడిచే దారి చూడు" అన్నారు.

తివాచీ తీసి పట్టాలు గచ్చు మీద పరిచారు. పాత పంచె గుడ్డకి స్పిరిట్ అద్ది పట్టాల పైభాగం తుడిస్తే గుడ్డ నల్లబడింది. ఈ బొమ్మకి కరెంటు పట్టాల్లోంచే చక్రాల ద్వారా ఎక్కుతుందట. మధ్యలో జిడ్డుంటే ఎక్కేదెలా? ఒకచోట అతుకు వదులుగా ఉంటే బిగించారు. తర్వాత ఇంజన్ని మెత్తటి తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టి, చక్రాలు తుడిచి, ఇరుసుకి చుట్టుకున్న తివాచీ నూగుని సూదితో లాగారు. నూగుతోపాటు మూరెడు వెంట్రుక కూడా వచ్చింది. ఇంటిల్లిపాదీ నా జడకేసి చూశారు!

"కొత్త ఇంజన్ని ఒక్కసారే పరిగెత్తించకూడదు" అని, బళ్ళేమీ తగిలించకుండా, అరగంట ముందుకీ అరగంట వెనక్కీ మెల్లిగా తిప్పారు. నత్తి పోయింది. కానీ మలుపులో ముందు చక్రాలు దిగిపోవడం మాత్రం మానలేదు. నాన్నగారు దాన్ని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, ఆరు నెలల్లో మొదటిసారి నవ్వారు.

"ఇది పసిఫిక్ రా. దీని తాతలకీ ఇదే జబ్బు."

ఆ సాయంత్రం ఆయన చెప్పిన కథ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే, ఆయన చెప్పినదానికి అవీ సాక్ష్యం పలికాయి.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మన దేశంలో రైల్వేలకి ఖర్చు తగ్గించుకోవలసి వచ్చింది. అంతకుముందున్న ఇంజన్లు మంచి బొగ్గు తినేవి. నాసిరకం బొగ్గుతో పని జరగాలంటే పొయ్యి వెడల్పుగా ఉండాలి. పిడకల పొయ్యికీ కట్టెల పొయ్యికీ తేడా మనకి తెలియనిదా? పొయ్యి వెడల్పయితే ఆ బరువు మోయడానికి వెనకాల అదనంగా రెండు చక్రాలు కావాలి. అలా ముందు నాలుగు, నడుమ ఆరు, వెనక రెండు చక్రాలతో తయారైన రకాన్ని పసిఫిక్ అంటారు. తేలికవాటికి ఎక్స్‌ఏ, మధ్యరకానికి ఎక్స్‌బీ, బరువువాటికి ఎక్స్‌సీ అని పేర్లు పెట్టి, 1920ల నుంచి ఇంగ్లండు, స్కాట్లండు కార్ఖానాల్లో చేయించి ఓడల్లో దింపారు. మూడు రకాలూ కలిపి 280 పైచిలుకు. మన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేకీ ఎక్స్‌బీలు వచ్చాయి.

తమాషా ఏమిటంటే, నాలుగు తెప్పించి నడిపి చూసి తర్వాత నాలుగు వందలు కొనడం కాదు జరిగింది. సరిగా పరీక్షించకముందే గుంపులుగా ఆర్డరిచ్చారు. మనం నూరు రూపాయల చీర కొన్నా మడత విప్పి, వెలుగులో పెట్టి, కొంగు చూసి గానీ డబ్బివ్వం కదండీ!

వచ్చిన కొత్తలోనే వాటి గుణం బయటపడింది. రైలు చక్రం అంచు కొంచెం ఏటవాలుగా ఉంటుంది. బండి ఒక పక్కకి జరిగితే ఆ వాలే మళ్ళీ నడిమికి తెస్తుంది. వేగం తక్కువున్నప్పుడు ఇది మేలు. వేగం పెరిగితే మాత్రం నడిమికి వచ్చింది ఆగకుండా అటు పక్కకీ, మళ్ళీ ఇటు పక్కకీ పోతుంది. సగం నిండిన బిందె చంకన పెట్టుకుని వడివడిగా నడిచి చూడండి, నీళ్ళు ఎలా కొట్టుకుంటాయో! ఇంజను కూడా అలాగే పాములా మెలికలు తిరుగుతూ, ప్రతి మెలికకీ పట్టాల్ని పక్కకి గుద్దుతుంది. ఆ ఊపుని అదుపు చేయడానికి ముందు చక్రాల దగ్గర, వెనక చక్రాల దగ్గర స్ప్రింగులు ఉంటాయి. కొత్త పసిఫిక్‌లలో ఆ అదుపు చాలలేదు.

నడిపే డ్రైవర్లు చెబుతూనే వచ్చారు, ఇవి ఊగుతున్నాయని. కొన్నిచోట్ల పట్టాలు వంకర్లు పోయాయి కూడా. పై వాళ్ళు అక్కడొక సర్దుబాటు, ఇక్కడొక వేగపరిమితి పెట్టి నెట్టుకొచ్చారు. లైను చూసేవాళ్ళు తప్పు ఇంజనుదన్నారు. ఇంజన్లు చూసేవాళ్ళు తప్పు లైనుదన్నారు. ఆ మాటలతోనే పదేళ్ళు గడిచాయి.

1937 జూలై 17 తెల్లవారుజామున, పంజాబ్ నుంచి హౌరా పోయే ఎక్స్‌ప్రెస్ పాట్నాకి పడమటనున్న బిహటా దగ్గర పట్టాలు తప్పింది. లాగుతున్నది ఎక్స్‌బీ ఇంజను. వందమందికి పైగా చనిపోయారు. అందరూ బండిలో నిద్రపోతున్న వేళ. ఇంటికి పోతున్న వాళ్ళుంటారు, పుట్టింటికి పోతున్న వాళ్ళుంటారు. పక్కన పెట్టుకున్న మరచెంబూ, తలకింద పెట్టుకున్న బట్టలమూటా నా కళ్ళకి కట్టాయి.

అప్పుడు మొదట వినవచ్చిన మాటేమిటో తెలుసా? ఎవరో గిట్టనివాళ్ళు పట్టాలు పీకేశారని! మా ఇంట్లో దిష్టి తగిలిందన్నట్టే ఉంది. న్యాయమూర్తి సర్ జాన్ థామ్ విచారణ జరిపి ఆ మాట నిలవదని తేల్చారు. ఆ వేగంలో ఎక్స్‌బీ ఊపుకి పట్టాలే వంకరపోయాయి.

ఆ తర్వాత 1938లో పసిఫిక్ ఇంజన్ల కమిటీ అని ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చింది. అధ్యక్షుడు సర్ అలన్ మౌంట్, అక్కడి రైళ్ళ భద్రత చూసే అధికారి. ఇంజన్ల తయారీలో పేరుమోసిన విలియమ్ స్టేనియర్ ఒక సభ్యుడు. ఫ్రెంచి ఇంజనీర్లూ ఉన్నారు. వాళ్ళు గదిలో కూర్చుని ఫైళ్ళు చదివి ఊరుకోలేదు, ఇంజన్లు నడిపించి వాటి మీద ఎక్కి తిరిగారు, ఊపుని కొలిచారు. 1939లో వాళ్ళు చెప్పినది ఒక్క మాటలో ఇదీ: ఇంజనులో లోపముంది, అది ఊగుతుంది. లైనులోనూ లోపముంది, ఆ ఊపుకి అది తట్టుకోలేదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తెలియదు, రెంటినీ కలిపి చూడాలి. ముందు వెనక చక్రాలకి గట్టి అదుపు పెట్టండి, లైను బాగుచెయ్యండి.

అలా మార్చాక అవే ఇంజన్లు బుద్ధిగా నడిచాయి. నాన్నగారు ఉద్యోగంలో చేరేసరికి ఎక్స్‌బీలు ముసలివై మన గోదావరి వైపు చిన్న బళ్ళు లాగేవిట. "మంచి ఇంజన్లమ్మా, పాపం వాటికి పుట్టుకతో వచ్చిన చెడ్డపేరు" అన్నారాయన, మనిషి గురించి చెబుతున్నట్టు.

ఆ అనుభవంతోనే తర్వాతి పసిఫిక్‌ని రూపొందించారు. తూటాలాంటి ముక్కుతో, దాని మీద నక్షత్రంతో ఉండే డబ్ల్యూపీ ఇంజన్ని మీలో కొందరైనా చూసే ఉంటారు. ఈసారి పాతపొరపాటు చెయ్యలేదు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదట 16 మాత్రమే తెప్పించి, నడిపి చూశారు. ఆ తర్వాతే తక్కినవి. 1967లో చిత్తరంజన్‌లో ఆఖరివి తయారయ్యేసరికి మొత్తం 755 అయ్యాయి. దేశంలోని పెద్ద పెద్ద ఎక్స్‌ప్రెస్‌లని ఏళ్ళ తరబడి లాగాయి.

కథ అయ్యాక మా వాడు అడిగాడు: "డ్రైవర్లు ముందే చెప్పారుగా తాతయ్యా, ఎందుకు వినలేదూ?"

నాన్నగారు ఇంజన్ని గుడ్డతో తుడుస్తూ, "చెప్పినవాడి బట్టలకి మసి ఉంటుందిరా" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

వంటింట్లోకి పోయానే గానీ నాకు పని సాగలేదు. తివాచీ తీసెయ్యమని మొదటి రోజునే చెప్పారు కదా ఆయన! ముప్ఫై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషి ఇంట్లో ఉండగా కరెంటునీ, కంపెనీనీ, దిష్టినీ తిట్టుకున్నామే గానీ, ఒక్కరం ఆయన్ని అడగలేదు. నాన్నగారికి మాట్లాడాలని లేకపోవడం కాదు. ఆయన మాటలు పడ్డ చోట పట్టాలు లేవు.

మర్నాడు నాన్నగారు ఒక పాత బాల్‌పాయింట్ పెన్ను విప్పి, అందులోని స్ప్రింగుని రెండు చుట్లు కత్తిరించి, ముందు చక్రాలని పట్టి ఉంచే మర మీద దూర్చారు. "కమిటీవాళ్ళు పక్కలకి అదుపు పెట్టమన్నారు, దీనికి పైనుంచి కొంచెం ఒత్తిడి చాలు" అన్నారు. ఆ పూట నుంచి ఇంజను మలుపులో దిగలేదు.

ఇప్పుడు మా హాల్లో తివాచీ లేదు. నాన్నగారి మంచం మూల నుంచి హాలు మధ్యకి, పట్టాల పక్కకి వచ్చింది. నర్సాపురం బండి కూసినప్పుడు ఆయన గడియారం చూస్తూనే ఉన్నారు గానీ, ఇప్పుడు అది ఎన్ని నిమిషాలు ఆలస్యమో మనవడికి చెబుతున్నారు. మా అత్తగారు కూడా ఆయన్ని అడిగి కుట్టు మిషనుకి నూనె వేయించుకుంటున్నారు.

నేను మాత్రం జడ ముడేసుకుని గానీ హాల్లోకి అడుగు పెట్టడం లేదు.