నమ్మకం: నల్లగొండ, పాలమూరు పల్లెల అనుభవం

ఎదుటివాళ్లు మాట తప్పితే తనకు నష్టమని తెలిసి కూడా వాళ్ల మాట మీద ఆధారపడటాన్ని నమ్మకం అంటారు. నష్టం ఊసే లేని చోట నమ్మకంతో పనే లేదు. నాయకుడి వెనక జనం నడవాలన్నా, పదిమంది కలిసి ఒక పని తలకెత్తుకోవాలన్నా, పక్కింటివాళ్లకు చేబదులు ఇవ్వాలన్నా ఇదే ఆధారం. మనిషిని నమ్మదగినవాడిగా నిలబెట్టేవి మూడని 1995లో మేయర్, డేవిస్, స్కూర్‌మన్ అనే పరిశోధకులు చెప్పారు: పని చేతనవడం, మన మేలు కోరడం, మాటకు కట్టుబడటం. ఉద్యోగ సంస్థల నాయకత్వం గురించి రాసేవాళ్లు ఈ మూడింటినే ఇప్పటికీ తిప్పి తిప్పి చెబుతుంటారు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతపు చరిత్ర చదివితే నాలుగోది ఒకటి చేర్చాలనిపిస్తుంది. ఇచ్చిన మాట నిలబడిందో లేదో, ఆ మాట పుచ్చుకున్నవాళ్లే చూసుకోగలగాలి.

ఈ ప్రాంతానికి నార్కట్‌పల్లి ఒక కూడలి. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న ఈ మండల కేంద్రం దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి పోయే దారి చీలుతుంది. పక్కనే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి గుట్ట. చుట్టూ పత్తి, వరి, బత్తాయి తోటలు. వాన మీద, చెరువు మీద, బోరు మీద ఆధారపడిన ఈ నేలలో కాలం కాని ఏడాది అప్పు తప్పదు. అప్పు ఉన్న చోట ఎవరిని నమ్మాలన్నది బతుకు ప్రశ్న అవుతుంది.

నాయకత్వం

నిజాం పాలన చివరి దశాబ్దాల్లో ఇక్కడి పల్లెల్లో పెత్తనం దేశ్‌ముఖులది, దొరలది. వెట్టి చాకిరీ, ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అన్న మాట, గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవడం అందరికీ తెలిసినవే. అది విధేయత మాత్రమే, నమ్మకం కాదు. భయం పోయిన రోజున అందులో మిగిలేది ఏమీ లేదని 1946 నుంచి జరిగిన సంఘటనలు తేల్చాయి.

మొదట్లో చదువుకున్నవాళ్ల వేదికగా, గ్రంథాలయాలు, తెలుగు చదువుల గురించి తీర్మానాలు చేసే సభగా ఉన్న ఆంధ్ర మహాసభ 1940ల్లో ఊళ్లలోకి దిగింది. 1941 చిలుకూరు మహాసభకు, 1944 భువనగిరి మహాసభకు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబంలో పుట్టినవాడు. పేదలు చేరగలిగేలా సభ్యత్వ రుసుము తగ్గించడంతో మహాసభ కాస్తా జనం నోట ‘సంఘం’ అయింది. కర్రలు పట్టుకున్న కార్యకర్తల వల్ల ‘గుత్పల సంఘం’ అని కూడా అన్నారు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తర్వాత పోరాటం సాయుధమైంది. దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకులు రాసుకున్నారు.

సంఘం చెప్పిన మాటను ఊరు నమ్మడానికి దాని సిద్ధాంతం కంటే దగ్గరి కారణం ఉంది. వెట్టి ఆగిందా, లేదా? అక్రమంగా లాక్కున్న చెలక తిరిగి వచ్చిందా, లేదా? ఇది ఊళ్లో ఎవరికైనా కళ్లెదుట కనిపించేది. పక్కవాడి భూమి పంచమని చెప్పిన రావి నారాయణరెడ్డి తన భూమిలోంచి వందల ఎకరాలు ముందు పంచాడు. హైదరాబాద్ మీద 1948లో జరిగిన సైనిక చర్య తర్వాత సాయుధ పోరాటం కొనసాగించడం తప్పని సొంత కమ్యూనిస్టు పార్టీతో విభేదించాడు కూడా. పోరాట విరమణ 1951 అక్టోబరులో గానీ జరగలేదు. సొంతవాళ్లకు నచ్చని మాట చెప్పినా జనం ఆయన్ను వదల్లేదు. 1952 తొలి ఎన్నికల్లో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థిగా నల్లగొండ నుంచి నిలిచి, దేశంలో అందరికంటే ఎక్కువ ఓట్లు, జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ, తెచ్చుకున్నాడు. ఆ పోలికను చులకన చేసేవాళ్లు నల్లగొండ అప్పుడు ద్విసభ్య స్థానమని అంటారు. నెహ్రూ నిలిచిన చోటు కూడా ద్విసభ్య స్థానమే.

అదే నియోజకవర్గం 1996లో ఇంకో రకం లెక్క చూపించింది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయి, పళ్లు గారపట్టిన ఊళ్లకు మంచినీళ్లు, సాగునీళ్లు ఇస్తామన్న హామీలు ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నికకు వాయిదా పడుతూ వచ్చాయి. జలసాధన సమితి పిలుపుతో రైతులు, సామాన్యులు వందల సంఖ్యలో లోక్‌సభకు నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలింది 480 మంది. ఓటు పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది గీత కార్మికుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన బొమ్మగాని ధర్మభిక్షం. పోటీ చేసినవాళ్లలో చాలామందికి గెలవాలన్న ఆశ లేదు. మీ మాట మాకు అక్కర్లేదని చెప్పడానికి చట్టం ఇచ్చిన దారిని వాడుకున్నారంతే. నాయకులను తిట్టడం కంటే ఇది పదునైన పని.

నార్కట్‌పల్లి మండలంలోని బ్రాహ్మణ వెల్లెంల జలాశయం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఉదయసముద్రం నుంచి నీళ్లెత్తి పోసే ఈ పథకం పనులు మొదలయ్యాక నీళ్లు చేరడానికి దశాబ్దంన్నరకు పైగా పట్టింది. 2024 డిసెంబరులో ప్రారంభమైంది. అంత ఆలస్యమైన మాటను నిలబెట్టుకున్నారని అనాలో, తప్పారని అనాలో నీళ్ల కోసం చూసి చూసి సేద్యం వదిలేసిన రైతును బట్టి ఉంటుంది.

భూదానం

ఇదే జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు వెళ్తే, చౌటుప్పల్ దాటాక ఉత్తరాన పోచంపల్లి ఉంటుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి నడిచి వచ్చాడు. అంతకు కొద్ది రోజుల ముందు హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. ఊళ్లోని దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. సర్కారును అడిగి చూస్తానన్నట్టు మాట్లాడుతూనే, ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. సాయంత్రం ప్రార్థన సభలో ఆ మాట అందరి ముందూ మళ్లీ చెప్పాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆ యాత్రలోనే తెలంగాణలో 12 వేల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది.

తర్వాతి ఏళ్లలో దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు పోగయ్యాయి. అందులో రాళ్లగుట్టలు, అడవులు, కోర్టు తగాదాల్లో ఉన్న భూములు చాలా ఉన్నాయి. కొన్ని ఎన్నడూ పంపిణీ కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేశారు. ఆ తర్వాత కూడా హైదరాబాద్ చుట్టూ భూముల ధరలు పెరిగే కొద్దీ భూదాన భూముల మీద వివాదాలు పెరుగుతూనే వచ్చాయి. మొదటి దానానికీ తర్వాతి దానాలకూ తేడా దాతల మనసులో కంటే చూసేవాళ్లలో ఉంది. పోచంపల్లిలో ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాళ్లు, సాక్షులు అందరూ ఒకే ఊరివాళ్లు. ఏ సర్వే నంబరో, ఎవరి పొలం పక్కనో అందరికీ తెలుసు. కాగితం ఊరు దాటి కచేరీకి చేరిన తర్వాత ఆ కాపలా పోయింది.

కలిసి చేసే పని

కర్నూలు జిల్లా కాలువ కింది ఊళ్లను అధ్యయనం చేసిన రాబర్ట్ వేడ్ 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ పుస్తకం ప్రచురించాడు. కాలువ చివరి ఊళ్లలో, నీటికి కటకట ఉన్న చోటే, రైతులు సొంతంగా కట్టుబాట్లు చేసుకుని, అందరి తరఫున నీళ్లు పారించే మనుషులను పెట్టుకున్నారని ఆయన గమనించాడు. తెలంగాణ చెరువుల కింద నీరటివాళ్లు తరతరాలుగా చేసిన పని ఇలాంటిదే. ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లన్నది ఒక మనిషి చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. ఎగువ పొలం రైతుకూ దిగువ పొలం రైతుకూ ఆ నీరటి కళ్లెదుటే ఉంటాడు కాబట్టే ఆ ఏర్పాటు నడిచింది.

ఇటీవలి కాలంలో కలిసి పనిచేయడానికి ఈ జిల్లాల్లో అతి పెద్ద బడి పొదుపు సంఘం. బ్యాంకులతో సంఘాలను కలిపే పనిని నాబార్డ్ 1992లో ప్రయోగంగా మొదలుపెట్టింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం తొలి విడతగా తీసుకున్న ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, ఒకటి. నల్లగొండ తర్వాతి విడతలో వచ్చింది. పది పదిహేను మంది మహిళలు ఒక గ్రూపు, గ్రూపులు కలిసి గ్రామైక్య సంఘం, ఆ పైన మండల సమాఖ్య. ‘పంచసూత్రాలు’ అని సంఘంలో ప్రతి మహిళకూ నేర్పించేవి ఐదు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం.

ఈ ఐదింటిలో ఎక్కడా ‘ఒకరినొకరు నమ్మండి’ అని లేదు. పొదుపు అందరి ముందూ కట్టాలి, లెక్క అందరి ముందూ చదవాలి, అప్పు ఎవరికన్నది తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు, వేలిముద్రలు వేయించాలి. ఇలా నెలల తరబడి చేస్తే ‘లింకేజీ లోను పోతే మన పేరు పోతది’ అన్న మాట తనంతట తనే వస్తుంది. ఒకరు కిస్తు కట్టలేని నెలలో మిగతావాళ్లు సర్దడం అప్పుడే సాధ్యం. లీడర్లను మార్చకుండా, పుస్తకం ఒకరి ఇంట్లోనే పెట్టుకున్న గ్రూపులు చాలా చోట్ల లెక్క అందరి కళ్లకూ కనబడక పడిపోయాయి. ఆస్పత్రి బృందాల్లో మందుల పొరపాట్ల మీద 1990ల్లో అధ్యయనం చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్‌కు వింతగా కనిపించిన సంగతి ఒకటుంది: మంచి నాయకత్వం ఉన్న బృందాలే ఎక్కువ పొరపాట్లు నమోదు చేశాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదు, చెప్పుకోవడానికి భయపడనందుకు. లెక్క తేడా వచ్చిందని నోరు విప్పి చెప్పగలిగిన గ్రూపు విషయంలోనూ అంతే.

నమ్మకాన్ని అరువు తెచ్చుకుని వాడితే ఏమవుతుందో 2010 చూపింది. సూక్ష్మ రుణ సంస్థలు అదే ఆడవాళ్లను, అదే గ్రూపు హామీ పద్ధతిని తీసుకుని, వారం వారం వసూళ్లతో ఒక్కో ఇంటికి రెండు మూడు సంస్థల అప్పులు అంటగట్టాయి. గ్రూపు సాయం కాస్తా కాపలాగా మారింది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లను నెలవారీగా, బహిరంగ ప్రదేశంలోనే చేయాలంది. రాష్ట్రంలో ఆ సంస్థల వసూళ్లు దాదాపు ఆగిపోయాయి.

కాంటా దగ్గర

పొదుపు సంఘాలు నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రాలను, వెలుగుకు తర్వాత పెట్టిన ఇందిరా క్రాంతి పథం పేరుతో, ఊళ్లలో ఇప్పటికీ ‘ఐకేపీ’ అనే అంటారు. వానకాలం, యాసంగి కోతల తర్వాత నార్కట్‌పల్లి చుట్టుపక్కల కల్లాల మీద, రోడ్డు అంచుల మీద రాశులు పోసి రైతులు రాత్రుళ్లు కాపలా ఉంటారు. తేమ 17 శాతం లోపు ఉండాలి. యంత్రంలో గింజలు పోసి చూపిస్తారు. ఆ తర్వాత కాంటా, లారీ, మిల్లు, ఖాతాలో డబ్బు.

గొడవ ఎప్పుడూ ‘తరుగు’ దగ్గరే. తాలు ఉందనో, తేమ ఉందనో బస్తాకు ఇంత అని కోసే తూకం అది. కేంద్రం దగ్గర తూచింది రైతు కళ్లెదుట. మిల్లు దగ్గర కోసేది అతను లేని చోట. అందుకే మిల్లులో తగ్గించిన తూకానికి కేంద్రం నడిపే మహిళలు ఊళ్లో నిందలు మోస్తారు. మిల్లువాణ్ణి రైతు ఎన్నడూ చూడడు, సంఘం ఆమెను మాత్రం రోజూ బావి దగ్గర, బడి దగ్గర చూస్తాడు. కోపం చేతికి అందిన మనిషి మీదకే పోతుంది. తేమ యంత్రం రీడింగును రైతుకు చూపించి, తూకం చీటీ చేతికిచ్చిన కేంద్రాల్లో ఈ నింద కొంత తగ్గుతుంది. మిల్లు తలుపు వెనక జరిగేదాన్ని ఆ చీటీ కూడా ఆపలేదు.

పాలమూరు గుంపు మేస్త్రి

దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చోటల్లా పాలమూరు లేబర్ ఉండేదంటారు. వాళ్లను తీసుకుపోయేది గుంపు మేస్త్రి. ఊళ్లో పండగ ముందు అడ్వాన్సు ఇస్తాడు, పిల్లల పెళ్లికో బాకీ తీర్చడానికో అది ఖర్చయిపోతుంది, తర్వాత నెలల తరబడి దూర రాష్ట్రంలో పని. మేస్త్రి తరచూ సొంత కులంవాడు, బంధువు. ‘మనోడే కదా’ అన్నదే ఇక్కడ హామీ. ఆ హామీ రెండు వైపులా సమానం కాదు. కూలి పారిపోతే ఊళ్లో ఇల్లు, కుటుంబం మేస్త్రికి తెలుసు. మేస్త్రి లెక్క తప్పిస్తే, భాష రాని చోట కూలికి అడగడానికి మనిషి లేడు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికుడికి ఫొటోతో పాస్‌బుక్కు ఉండాలంది. ఆ పాస్‌బుక్కు చేతికి అందిన పాలమూరు కూలీలు అరుదు. నమ్మకాన్ని పొగిడే రచనలు ఈ రకాన్ని సాధారణంగా వదిలేస్తాయి. పక్కవాణ్ణి నమ్మక తప్పని పరిస్థితిని నమ్మకం కింద లెక్క వేయడం సరికాదు.

ఇరుగుపొరుగు

రోజువారీ బతుకులో నమ్మకం చిన్న మొత్తాల్లో తిరుగుతుంది: కిరాణం కొట్లో ఉద్దెర ఖాతా, పత్తి ఏరేటప్పుడు ఈరోజు మీ చెలకలో నేను, రేపు నా చెలకలో మీరు అనే బదులు పని, ఊరెళ్తూ పక్కింట్లో ఇచ్చిన తాళంచెవి. ఉద్దెరలో కొట్టువాడి పుస్తకంతో పాటు కొనేవాళ్ల దగ్గర కూడా చిన్న పుస్తకం ఉండి, రెండింట్లోనూ ఒకేసారి రాయించుకునే ఇళ్లు ఉన్నాయి. దాన్ని అనుమానం అనుకున్న కొట్టువాడు తక్కువే. ఎక్కువమందికి అదే సుఖం, నెలాఖరున వాదన ఉండదు.

చీటీలది కాస్త వేరు. చీటీ పాటలో తొందరగా ఎత్తుకున్నవాళ్లు ఆఖరి దాకా కట్టాలి, ఆఖరున ఎత్తుకునేవాళ్లు అప్పటిదాకా ఓపిక పట్టాలి. 1982 కేంద్ర చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, చీటీ విలువకు సరిపడా పూచీ, ప్రతి పాటకూ లిఖిత నమోదు తప్పనిసరి. ఊళ్లలో అక్క, వదిన అనుకుంటూ నడిపే చీటీలు చాలావరకు ఈ చట్టం బయటే ఉన్నాయి. చీటీ నడిపే ఆమె ఎక్కడికీ పోదన్న ధీమా మీద, పాట అందరి ముందూ ఆమె అరుగు మీదే జరగడం మీద అవి నిలబడతాయి. పాట ఫోన్లకు మారిన గ్రూపుల్లో అరుగు మీద కూర్చునే పని తగ్గింది. ఎవరు ఎంతకు పాడారో అందరికీ తెరమీద కనిపించేలా పెట్టిన చోట అవి సాగుతున్నాయి.