ఉహుద్ నేర్పిన పాఠం: అనుగ్రహం వెంటే జవాబుదారీ

 



సన్మార్గం పొందిన సమాజానికి అల్లాహ్ విచారణలో మినహాయింపు ఉంటుందా? లేక దాని బాధ్యత ఇతరులకన్నా బరువైనదా? ఈ ప్రశ్నకు ఉహుద్ సంగ్రామం స్పష్టమైన సమాధానం ఇస్తున్నది.

హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్‌లో బద్ర్ మైదానాన మూడువందల పైచిలుకు విశ్వాసులు సుమారు వెయ్యిమంది ఖురైష్ సైన్యంపై విజయం సాధించారు. ప్రతీకారం కోసం మరుసటి ఏడు, హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్‌లో (క్రీ.శ. 625), ఖురైషీయులు మూడువేల సైన్యంతో మదీనాపైకి వచ్చారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవడం మేలని దైవప్రవక్త (సఅసం) భావించారు. అయితే బద్ర్‌లో పాల్గొనే అవకాశం దక్కని వారు, ముఖ్యంగా యువకులు, బయటికి వెళ్ళి పోరాడాలని పట్టుబట్టగా ఆయన వారి సలహాను మన్నించారు. దారిలోనే అబ్దుల్లాహ్ బిన్ ఉబై సుమారు మూడువందల మందితో వెనుదిరిగాడు. ఏడువందల మంది మిగిలారు.

ఉహుద్ పర్వతాన్ని వెనుక ఉంచుకొని సైన్యం బారులు తీరింది. శత్రువుల అశ్వదళం చుట్టుతిరిగి వెనుకనుండి దాడి చేయకుండా ఎదుటి చిన్న గుట్టపై యాభైమంది విలుకాండ్రను దైవప్రవక్త నిలిపారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) వారి నాయకులు. తాము గెలిచినా ఓడినా, కబురు అందేవరకు ఆ స్థానం వదలరాదన్నది వారికి అందిన ఆజ్ఞ.

తొలి ఘడియల్లో విజయం విశ్వాసులదే అయింది. శత్రువులు పరుగందుకున్నారు. క్రింద విజయధనం సేకరిస్తున్న దృశ్యం గుట్టమీది వారి కంటబడింది. యుద్ధం ముగిసిందనుకొని, నాయకుని వారింపును లెక్కచేయక వారిలో అత్యధికులు దిగిపోయారు. అప్పటికి ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ ఆ సందు గమనించి అశ్వదళంతో చుట్టివచ్చారు. కొద్దిమందితో మిగిలిన అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ అక్కడే పోరాడి అమరులయ్యారు. ఆనాడు సుమారు డెబ్భైమంది షహీదులయ్యారు. వారిలో హజ్రత్ హమ్‌జా (రజి), హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ఉన్నారు. దైవప్రవక్త ముఖం గాయపడింది. ఆయన పన్ను విరిగింది.

సోదరులారా! ఆ గుట్ట దిగినవారు కపటులు కారు. కపటులు దారిలోనే వెనుదిరిగారు. వీరు ప్రవక్త వెనుక నమాజు చేసినవారు, ఆయన నోట ఖుర్ఆన్ విన్నవారు. అంతటి సాన్నిహిత్యం కూడా ఆజ్ఞోల్లంఘన ఫలితాన్ని ఆపలేదు. ఈ ఆపద ఎక్కడినుండి వచ్చిందని వారు విస్తుపోతే, అది మీ స్వయంకృతమేనని ఆలి ఇమ్రాన్ సూరా తెలియజేసింది. శత్రువుల సంఖ్యనో, కపటుల ద్రోహాన్నో అది అసలు కారణంగా చూపలేదు.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. స్థానం వదలనివారే గుట్టపై ప్రాణాలిచ్చారు. ఏ తప్పూ చేయని హమ్‌జా నేలకొరిగారు. ఇహలోకంలో కొందరి నిర్లక్ష్యానికి మూల్యాన్ని నిర్దోషులు కూడా చెల్లించవలసి వస్తుంది. కనుక ఆపదలో ఉన్న ప్రతివాడూ దైవాగ్రహానికి గురైనవాడని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. పరలోక న్యాయస్థానంలో మాత్రం ఎవరి లెక్క వారిదే. ఒకే రోజున, ఒకే గుట్టమీద, నిలిచినవారి లెక్క వేరు, దిగినవారి లెక్క వేరు.

ఈ సూత్రం ప్రవక్త ఇంటికి కూడా వర్తించింది. విశ్వాసుల మాతృమూర్తులు స్పష్టమైన తప్పు చేస్తే శిక్ష రెండింతలని, విధేయత చూపితే పుణ్యం కూడా రెండింతలని అహ్‌జాబ్ సూరా ప్రకటించింది. స్థానం ఎంత గొప్పదైతే బరువు అంత ఎక్కువ.

అయితే మందలింపుతో విషయం ముగియలేదు. పొరపాటు చేసినవారిని క్షమించినట్లు అల్లాహ్ అదే సూరాలో ప్రకటించాడు. వారి పేర్లను ఖుర్ఆన్ బయటపెట్టలేదు. వారిని మన్నించమని, వారికోసం క్షమాపణ వేడుకోమని, వ్యవహారాల్లో వారిని సంప్రదించమని ప్రవక్తను ఆదేశించాడు. మరునాడే దైవప్రవక్త పిలుపునిస్తే, ఆ గాయపడిన మనుషులే శత్రువును వెంబడిస్తూ సుమారు ఎనిమిది మైళ్ళ దూరంలోని హమ్రావుల్ అసద్ వరకు నడిచారు. తప్పును ఒప్పుకొని తిరిగి నిలబడిన సమాజానికి అల్లాహ్ ద్వారం మూయలేదు.

ఇక మన సంగతి ఆలోచిద్దాం. అల్లాహ్ గ్రంథం మన ఇళ్ళలో ఉంది. దాని భావాన్ని మన తెలుగులోనే చదువుకొనే భాగ్యం కూడా కలిగింది. తెలియలేదన్న సాకు ఇక మనకు చెల్లదు. మనం ప్రవక్త సమాజం కనుక ఎలాగైనా గట్టెక్కుతామన్న ధీమా ఉహుద్ నాటి సహచరులకే పనికిరాలేదు. మనలో ప్రతి ఒక్కరికీ కాపలా కాయవలసిన గుట్ట ఒకటి ఉంది: వ్యాపారికి తన తూకం, కొడుక్కి ముసలి తల్లిదండ్రులు, అన్నకు చెల్లెలి వారసత్వపు వాటా, మస్జిద్ కమిటీకి వక్ఫ్ సొమ్ము. ఎవరూ చూడడంలేదని, పని అయిపోయిందని మనం దిగివస్తే, గాయపడేది మనం ఒక్కరమే కాదు.

ఓ అల్లాహ్! నీవు నిలిపిన చోట మమ్మల్ని స్థిరంగా నిలుపు. జారిపోయినప్పుడు క్షమించి తిరిగి నిలబెట్టు. ఆమీన్.