వాకీటాకు మిగిలిన నీళ్ళు

వాకీటాను ఎవరూ వేటాడలేదు. దాని మాంసానికి సంత లేదు, తోలుకు గిరాకీ లేదు, నూనె కోసం వెంటపడినవారూ లేరు. అయినా సముద్ర క్షీరదాలన్నిటిలోకీ అంతరించిపోవడానికి అతి దగ్గరగా ఉన్నది అదే. మెక్సికో వాయవ్యాన కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర కొస తప్ప ప్రపంచంలో మరెక్కడా అది లేదు.

డాల్ఫిన్‌కు చుట్టమైన పార్పాయిస్‌లలో ఇది అన్నిటికన్నా చిన్నది. పొడవు మీటరున్నర, బరువు యాభై కిలోల దగ్గర. కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లని వలయాలు. పడవ చప్పుడు వినిపిస్తే తప్పుకుంటుంది, గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చినా క్షణంలో మునిగిపోతుంది. అందుకే చాలా ఆలస్యంగా శాస్త్రం కంట పడింది. 1950లో జీవశాస్త్రవేత్త కెన్నెత్ నారిస్‌కు ఆ సింధుశాఖ తీరంలోని సాన్ ఫెలిపే ఊరి దగ్గరి ఒడ్డున ఒక పుర్రె దొరికింది. 1958లో ఆయన విలియం మెక్‌ఫార్లండ్‌తో కలిసి దీన్ని కొత్త జాతిగా ప్రకటించాడు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్నవి ఎముకలే. ప్రాణి అసలు రూపురేఖలు 1980లలో, వలల్లో చిక్కి చచ్చిన కళేబరాలను పరీక్షించాకే తెలిశాయి.

ఆ వలలు టోటోఆబా కోసం వేసినవి. రెండు మీటర్ల దాకా, వంద కిలోల దాకా పెరిగే చేప అది. దాని గాలితిత్తికి చైనాలో మందుగానూ విందుగానూ ఎంతో విలువ. 1920ల నుంచి సాన్ ఫెలిపే లాంటి ఊళ్ళు ఈ చేప మీదే పెరిగాయి. 1942లో రెండు వేల టన్నులకు పైగా పట్టారు. 1975 నాటికి చేపే కరువై, మెక్సికో దాని వేటను నిషేధించింది. మన అంతర్వేది, ఉప్పాడ తీరాల్లో ఒక్క కచిడి చేప లక్షలు పలికిందన్న వార్తలు చదువుతూనే ఉంటాం. కచిడి, టోటోఆబా ఒకే కుటుంబానికి చెందిన చేపలు. అక్కడైనా ఇక్కడైనా ఆ ధర తిత్తికే.

ఈ వేటకు వాడేది నీళ్ళలో నిలువుగా వేలాడే గిల్‌నెట్. కన్నులో తల దూర్చిన చేప మొప్పల దగ్గర బిగుసుకుపోతుంది. టోటోఆబా, వాకీటా దాదాపు ఒకే పరిమాణం కావడంతో ఒకదానికి పట్టే కన్ను రెండోదానికీ పడుతుంది. ఊపిరితిత్తులతో బతికే జీవి పైకి రాలేక అక్కడే ప్రాణం విడుస్తుంది. రొయ్యల కోసం వేసే వలలూ దాన్ని బలిగొన్నాయి. ఒక్కో పిల్లనే కనే జాతికి ఆ నష్టం పూడ్చుకునే శక్తి ఎక్కడిది? 1997లో సుమారు 567 ఉన్నట్టు అంచనా. 2008లో 245. తర్వాత తిత్తుల దొంగ వ్యాపారం మళ్ళీ విజృంభించింది. నీటి అడుగున పెట్టిన పరికరాల్లో వాకీటాల టిక్కు టిక్కు శబ్దాలు ఏటేటా తగ్గిపోయాయి. 2016లో మిగిలినవి 30.

చట్టాలకు కొదవ లేదు. 1993లో అక్కడ జీవావరణ రక్షిత ప్రాంతం, 2005లో వాకీటాలకే ప్రత్యేక ఆశ్రయం ఏర్పడ్డాయి. 2015లో గిల్‌నెట్‌పై రెండేళ్ళ నిషేధం వచ్చింది. ఏటా 61 రోజుల వేట విరామానికే మన మత్స్యకార కుటుంబాలు అప్పులు వెతుక్కోవాల్సి వస్తే, రెండేళ్ళు వల ఎత్తకుండా ఎలా బతకాలి? పరిహారం ఇచ్చారు, నిజమే. కానీ అది ఎక్కువగా లైసెన్సులున్న యజమానులకు చేరింది, కూలికి పడవెక్కే కళాసీలకు దక్కింది స్వల్పం. అసలు పొరపాటు అక్కడే జరిగిందని నా నమ్మకం. తిత్తి కొనే దొంగ వ్యాపారి ఆ కళాసీకే నగదు చూపించాడు.

2017 అక్టోబరులో శాస్త్రవేత్తలు ఆఖరి సాహసానికి దిగారు. వాకీటాలను పట్టి, వలలు లేని కొలనుల్లో దాచాలనుకున్నారు. అమెరికా నౌకాదళం శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లు సైతం వెతకడానికి వచ్చాయి. మొదట దొరికిన పిల్ల బెదిరిపోవడంతో వెంటనే వదిలేశారు. నవంబరు 4న ఈడొచ్చిన ఆడ వాకీటా చిక్కింది. సముద్రంలో కట్టిన దడిలోకి వదిలితే కాసేపు ఈది, ఒక్కసారిగా తల్లడిల్లింది. విడిచిపెట్టబోయినా దాని వల్ల కాలేదు. పశువైద్యులు గంటల తరబడి పోరాడినా గుండె ఆగిపోయింది. కాపాడాలని ప్రాణం పెట్టి వచ్చిన వాళ్ళ చేతుల్లోనే అది పోయింది. ఆ ప్రయత్నాన్ని అక్కడితో ఆపేశారు. బంధించి కాపాడే దారి మూసుకుపోయింది. మిగిలింది దాని నీళ్ళలోంచి వలలు తీసేయడమే.

2022లో రెండు మంచి సంగతులు జరిగాయి. వాకీటా జన్యువులను పరిశీలించిన పరిశోధకులు, ఈ జాతి వేల ఏళ్ళుగా తక్కువ సంఖ్యతోనే బతికిందనీ, దగ్గరి రక్తసంబంధాల వల్ల అంతరిస్తుందన్న భయం అక్కర్లేదనీ తేల్చారు. వలల చావులు ఆగితే కోలుకోగలదు. అదే ఏడాది మెక్సికో నౌకాదళం, వాకీటాలు ఎక్కువగా తిరిగే చోట వలలను పట్టేసే ఇనుప కొక్కేలున్న 193 కాంక్రీటు దిమ్మెలను సముద్రంలో దించింది. అక్కడ అక్రమ వేట బాగా తగ్గింది. 2023 సర్వేలో 10 నుంచి 13 కనిపించాయని అంచనా. 2024లో 6 నుంచి 8. అవి దిమ్మెల హద్దు దాటి కూడా తిరుగుతున్నాయి కాబట్టి ఆ రక్షణ మరింత పరుచుకోవాలి. వాకీటాకు హాని చేయని వలలు పట్టిన జాలర్లు సాన్ ఫెలిపేలో ఇప్పటికే ఉన్నారు. వాళ్ళకు పడే రొయ్య తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ తేడాను కళాసీ స్థాయి దాకా ఏటా భర్తీ చేయడానికి కావలసిన డబ్బు, 2017లో వాకీటాలను పట్టడానికి చూపినంత ఆత్రంతో రావాలి.