అవాస్టిన్: కణితి రక్తనాళాలపై గురిపెట్టిన మందు

ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఎక్కించే బెవాసిజుమాబ్ (అవాస్టిన్) మూలాలు 1960ల తొలినాళ్లలో అమెరికా నౌకాదళానికి చెందిన బెథెస్డా ప్రయోగశాలలో ఉన్నాయి. రక్తానికి ప్రత్యామ్నాయం వెతికే పనిలో ఉన్న యువ సర్జన్ జుడా ఫోక్‌మన్, సహచరుడు ఫ్రెడరిక్ బెకర్‌తో కలిసి థైరాయిడ్ గ్రంథులను గాజుపాత్రలో పెట్టి, హిమోగ్లోబిన్ ద్రావణంతో బతికించాడు. వాటిలో నాటిన క్యాన్సర్ కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల కణితులై ఆగిపోయాయి. చచ్చిపోలేదు. తీసి ఎలుకల్లో పెడితే విజృంభించాయి. ఎలుకల్లో కొత్త రక్తనాళాలు కణితిలోకి చొచ్చుకొచ్చాయి, గాజుపాత్రలో రాలేదు.

కణితి తనకు కావలసిన నాళాలను తానే మొలిపించుకుంటుందని, దాన్ని ఆపితే పెరుగుదల ఆగుతుందని ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించాడు. చాలామంది పెదవి విరిచారు. నాళాలను మొలిపించే పదార్థమేదో ఆయన అప్పటికి చూపలేకపోయాడు మరి.

1983లో బోస్టన్‌లో సెంగర్, డ్వోరాక్‌లు నాళాల గోడలను కారేలా చేసే ప్రోటీన్ ఒకటి కనుగొన్నారు. 1989లో జెనెన్‌టెక్ కంపెనీలో నపోలియోన్ ఫెరారా ఆవు పిట్యూటరీ కణాల నుంచి, నాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వేరుచేశాడు. తీరా చూస్తే రెండూ ఒకటే. దాన్ని పట్టి బంధించే ఎలుక యాంటీబాడీ 1993లో ఎలుకల్లోని మానవ కణితులను అణచింది. మనుషుల ఒంటికి సరిపడేలా దాన్ని మార్చగా వచ్చిందే బెవాసిజుమాబ్.

2002లో రొమ్ము క్యాన్సర్ పరీక్షలో అది విఫలమైంది. మరుసటి ఏడు 813 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: కీమోథెరపీ ఒక్కటే అయితే మధ్యస్థ ఆయుర్దాయం 15.6 నెలలు, దీన్ని కలిపితే 20.3. అమెరికా 2004 ఫిబ్రవరి 26న అనుమతించింది.

ఫోక్‌మన్ ఊహ సగమే ఫలించిందనాలి. ఒంటరిగా ఇస్తే ఈ వ్యాధిలో మందు ప్రభావం స్వల్పం. వంకరటింకర నాళాలను అది కొంతకాలం చక్కబరచడంతో కీమో మందులు కణితిలోకి బాగా చేరతాయని శాస్త్రవేత్త రాకేశ్ జైన్ 2001లో చెప్పిన వివరణకు ఆదరణ దక్కింది. ఆపరేషన్ తరవాత వ్యాధి తిరగబెట్టకుండా ఆపుతుందన్న ఆశా నెరవేరలేదు. పైగా బీపీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, గాయాలు త్వరగా మానకపోవడం, అరుదుగా పేగుకు రంధ్రం పడటం వంటి ఇబ్బందులున్నాయి. అందుకే పెద్ద ఆపరేషన్ తరవాత కనీసం నాలుగు వారాలు ఆగి, గాయం పూర్తిగా మానాకే ఇస్తారు.

అదే దారిలో 2012లో అఫ్లిబర్‌సెప్ట్, రెగొరఫెనిబ్ మాత్రలు, 2015లో రాముసిరుమాబ్ ఈ వ్యాధికి అనుమతి పొందాయి. హైదరాబాద్ కంపెనీ హెటెరో 2016లో బెవాసిజుమాబ్‌ను పోలిన మందును (బయోసిమిలర్‌ను) దేశీయ మార్కెట్లోకి తెచ్చింది. 2019లో డాక్టర్ రెడ్డీస్ కూడా తనదాన్ని విడుదల చేసింది.