దీవులను కాపాడే సంఘాలకు గ్రాంట్లు: ఎవరు ఇస్తారు, ఎలా వస్తాయి?

దీవి అంటే సముద్రంలోనే ఉండాలని లేదు. మన రాయచూరు దగ్గర కృష్ణానదిలో ఉన్న కురుంగడ్డ కూడా దీవే. అయితే దీవుల రక్షణకు డబ్బు ఎలా వస్తుందో తెలుసుకోవడానికి కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మంచి ఉదాహరణ.

గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రుతో ఏర్పడిన దీవి ఇది. తుఫాను అలల నుంచి కాకినాడకు అడ్డుగోడలా ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆనుకునే కోరింగ మడ అడవులు ఉన్నాయి. 1978లో అభయారణ్యమైన ఆ అడవుల్లో నీటికుక్కలు, బావురుపిల్లులు బతుకుతున్నాయి.

పెద్ద గ్రాంటు: 1991లో మొదలైన గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ (జెఫ్) గోదావరి ముఖద్వార ప్రాంతానికి సుమారు 60 లక్షల డాలర్లు ఇచ్చింది. ఇలాంటి డబ్బు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రభుత్వ శాఖల ద్వారా ఖర్చవుతుంది.

చిన్న గ్రాంటు: 1992 నుంచి జెఫ్ చిన్న గ్రాంట్ల పథకం ఉంది. చాలా కాలం ఒక్కో పనికి గరిష్ఠంగా 50,000 డాలర్లు ఉండేది. ఇది స్వచ్ఛంద సంస్థలకు, ఊరి సంఘాలకు ఇచ్చేది. మన దేశంలో దీన్ని చాలా ఏళ్లు సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ నడిపింది, తర్వాత టెరి చేపట్టింది.

చిన్న గ్రాంటే ఎందుకు ముఖ్యం? గుడ్లు పొదగడానికి దాదాపు యాభై రోజులు పడుతుంది. అన్నాళ్లూ కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా రాత్రుళ్లు కాపలా కాయాలి. కాపలా కాసేవాళ్లకు కూలి, కంచె, పడవ డీజిల్ – ఖర్చు ఇంతే. కానీ తాబేలు ఏటా వస్తుంది, గ్రాంటు మాత్రం కొన్నేళ్లకే అయిపోతుంది. డబ్బు ఆగితే కాపలా ఆగుతుంది.

నిబంధనలు: విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి కావాలి. 2020 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం రూ.15 లక్షల ఖర్చు ఉండాలి. ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి పెద్ద సంస్థకు వచ్చిన విరాళంలో చిన్న సంఘానికి వాటా ఇవ్వడం కుదరదు. ఐక్యరాజ్యసమితి నేరుగా ఇచ్చే డబ్బును మాత్రం విదేశీ విరాళంగా లెక్కించరు.

మన ఊళ్లో: 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఏం ఉందో రాసిపెట్టుకుంటేనే ఏం కాపాడాలో అడగగలం. విద్యార్థులు తమ పంచాయతీలో ఆ రిజిస్టరు అడిగి చూడవచ్చు. అందులో లేని చెట్టు, పిట్ట, చేప పేర్లు పెద్దవాళ్లను అడిగి తెలుగులో, కన్నడలో రాసి కమిటీకి ఇవ్వవచ్చు.