ఎవరి పేరు ఎక్కడ దాగుందో!

మాది నర్సీపట్నం. చిన్నప్పుడు టీవీలో 'ఆదిత్య 369' ఎప్పుడొచ్చినా మా ఇంట్లో అన్నాలు టీవీ ముందే. ఓసారి అది చూస్తూ నాన్న, "1980ల్లో ఇలాటి వింతల్తోనే ఇంగ్లీషు సీరియలొకటి దూరదర్శన్లో వచ్చీదిరా, అందులో సూది చెవులాయనుండీవోడు" అన్నారు. అది స్టార్ ట్రెక్ అనీ, ఆ చెవులాయన పేరు స్పాక్ అనీ ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాకే తెలిసింది.

హాస్టల్లో పక్క రూము వాడికి డాక్టర్ హూ పిచ్చి. ఏది గొప్ప అని రాత్రుళ్ళు వాదనలు. మేం కొట్టుకున్నాం గానీ, ఆ రెండు సీరియళ్ళూ మాత్రం ఎప్పట్నుంచో చాటుగా పలకరించుకుంటూనే ఉన్నాయి.

డాక్టర్ హూ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న అమెరికాలో. హక్కులు వేర్వేరు కంపెనీలవి. 2012లో ఒక కామిక్ పుస్తకంలో కలిశారు గానీ, టీవీ కథలో ఇద్దరూ ఎదురుపడింది లేదు.

1988లో స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో 'ది న్యూట్రల్ జోన్' అని ఒక ఎపిసోడ్ వచ్చింది. 20వ శతాబ్దంలో చనిపోతే మంచులో దాచిన ఒకావిడ, 24వ శతాబ్దంలో లేచి తన పిల్లల వంశం ఏమైందని వెతుక్కుంటుంది. కంప్యూటర్ తెరమీద వంశవృక్షం వస్తుంది. అందులో హార్ట్‌నెల్, ట్రౌటన్, పెర్ట్‌వీ, టామ్ బేకర్, డేవిసన్, కాలిన్ బేకర్ పేర్లున్నాయి. అంటే డాక్టర్ వేషం కట్టిన మొదటి ఆరుగురూ! కథకి ఆ పేర్లతో పనే లేదు. అప్పటి టీవీల్లో అంత చిన్న అక్షరాలు చదవడమూ కష్టమే. మన టెస్ట్ డేటాలో కస్టమర్ల పేర్లు మహేష్, పవన్, ప్రభాస్ అని ఉండవూ? అచ్చం అలాగే :)

బదులు 17 ఏళ్ళకి వచ్చింది. 2005లో 'ది ఎంప్టీ చైల్డ్'లో రోజ్, డాక్టర్‌ని మిస్టర్ స్పాక్ అని పరిచయం చేస్తుంది. 2006లో 'ఫియర్ హర్'లో డాక్టరే వేళ్ళు విడదీసి స్పాక్ నమస్కారం పెడతాడు.

ఇంకా వెనక్కెళ్తే ఇద్దరికీ పెద్దాయన ఒకడున్నాడు, హెచ్.జి.వెల్స్. ఆయన 'టైమ్ మెషీన్' 1895 నాటిది. 1985లో డాక్టర్ హూ ఆయన్నే ఒక పాత్రగా తెచ్చుకుంది. మన సింగీతం గారు కూడా 'ఆదిత్య 369' (1991)కి ఆ నవలే ప్రేరణ అని దాచకుండా చెప్పారు. చెప్పినందుకు ఆయన విలువేం తగ్గలేదు. వెల్స్ యంత్రాన్ని ఆయన నేరుగా కృష్ణదేవరాయల కొలువుకి తోలారు మరి!

నా ఉద్దేశంలో కాపీకీ, పలకరింపుకీ తేడా ఇదే. కాపీ కొట్టినవాడు అసలుది ఎవరూ చూడకూడదని కోరుకుంటాడు. పలకరించినవాడు అందరూ చూసుండాలని కోరుకుంటాడు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయినేడాది నేను రాసిన టూల్‌ని ఒకాయన మీటింగులో నా పేరెత్తకుండా తనదిగా చూపించాడు. వారం రోజులు మండిపోయాను. రుజువు కోసం పాత కోడ్ తవ్వితే బయటపడింది ఇంకోటి. అందులో మూడు ఫంక్షన్లు, అంతకు ముందే ఉద్యోగం మానేసిన ఒక సీనియర్‌వి. నేనే ఎత్తుకొచ్చి పెట్టుకున్నా. ఆయన పేరు ఎక్కడా లేదు.

ఆ ఆదివారం కూర్చుని, మూడింటి మీదా ఆయన పేరు కామెంటుగా రాశాను. ఎవరూ చదవరని తెలుసు. 1988లో ఆ తెరమీద పేర్లు మాత్రం చదవడానికి పెట్టారా ఏంటి?