తెర వెనక నడిచే బిట్‌కాయిన్ వాలెట్

2009 జనవరిలో సతోషి నకమోటో పేరుతో వెలువడిన మొదటి బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో మాత్రమే నడిచేది. నెట్‌వర్క్ నోడ్, వాలెట్, తెరమీది విండో అన్నీ ఒకే ప్రోగ్రామ్. చెల్లింపులు తీసుకునే వెబ్‌సైట్లకు ఇది కుదరదు. సర్వర్ ముందు కూర్చుని బటన్లు నొక్కేదెవరు? 2010 జులైలో వచ్చిన 0.3 వెర్షన్‌లో విండో లేకుండా నేపథ్యంలో నడిచే ‘బిట్‌కాయిన్‌డీ’ కూడా ఉంది. ఇతర ప్రోగ్రాములు జేసన్-ఆర్‌పీసీ అనే పద్ధతి ద్వారా దానికి ఆదేశాలిస్తాయి. ఈ ఏర్పాటు నేటికీ పెద్దగా మారలేదు: సెట్టింగులు ‘బిట్‌కాయిన్.కాన్ఫ్’ ఫైలులో, ఆదేశాలు మామూలుగా 8332 పోర్టులో. ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడమంటే ఇనప్పెట్టెను వీధిలో పెట్టడమే.

అసలు తలనొప్పి సొమ్ము ఖర్చు చేయడానికి కావలసిన ప్రైవేట్ కీల దగ్గర వచ్చింది. మొదట్లో అవి వాలెట్ ఫైలులో ఏ రక్షణా లేకుండా ఉండేవి. పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసే వీలు 2011 సెప్టెంబరులో గానీ రాలేదు. పైగా చెల్లింపులో మిగిలిన చిల్లర ప్రతిసారీ కొత్త కీ ఉన్న చిరునామాకు చేరేది. పాత బ్యాకప్‌లో ఆ కీ ఉండదు, ఫైలు పాడైతే సొమ్ము గల్లంతే. 100 కీలను ముందే తయారుచేసి ఉంచడం తాత్కాలిక ఉపాయం. ఒకే మూలం నుంచి అన్ని కీలనూ పుట్టించే పద్ధతిని 2012లోనే ప్రతిపాదించినా, ఆ మొదటి సాఫ్ట్‌వేర్ నేటి రూపమైన బిట్‌కాయిన్ కోర్‌లోకి అది చేరింది 2016 ఆగస్టులో, 0.13 వెర్షన్‌తో. మొనేరో అనే మరో క్రిప్టోకరెన్సీ వేరే దారి పట్టింది: అక్కడ నోడ్‌ను నడిపే ప్రోగ్రామ్ వేరు, వాలెట్‌ను నడిపేది వేరు.